తోడు పెట్టిన పాట

మరిచిపోయానట. "వయసైంది కదా తాతా, ఒక్కొక్కసారి అట్ల అయిపోతుంది, మనసులో పెట్టుకోవద్దు" అని హోసూరు బస్టాండులో నా చేతికి టీ గ్లాసు ఇచ్చి మరీ చెప్పింది మంజుశ్రీ. నేను టీ తాగాను. తాగేవాడు మాట్లాడనక్కరలేదు కదా, ఆ సాకుతో గ్లాసు ఖాళీ అయ్యాక కూడా పెదవుల దగ్గరే పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల ఎడమపక్క ఆడవాళ్ళ సీట్లో కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నేను కుడిపక్క, రెండు వరసల వెనక, పెద్ద క్లారినెట్ పెట్టెను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని ఆమె జడను చూస్తున్నాను. నేను మరిచిపోలేదు. ముందు ఆమె పియానో మీద నాలుగు ఆవర్తాలు వాయించాలి, ఐదోదానికి నేను అందుకోవాలి. ఐదు నెలలు ఇదే పాఠం, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆమె చేతులు పియానో మెట్ల మీదికి దిగేలోపలే నేను ఎత్తుకున్నాను. కావాలని ఎత్తుకున్నాను. ఈ ఒక్క ముక్క సూళగిరి వచ్చేలోపల చెప్పాలి. అక్కడ నేను దిగిపోతాను, ఆమె కృష్ణగిరి దాకా పోతుంది. ఇవాళ శనివారం. సోమవారం పొద్దున ఆమె ఉద్యోగం ఉంటుందో పోతుందో తేలిపోతుంది.

బస్సు కదలదు. సిప్కాట్ ఫ్యాక్టరీలు దాటిన దగ్గరనుంచి రోడ్డు వెడల్పు చేస్తున్నారు, నాలుగు దారులట, ఒక పక్క తవ్వి ఒక పక్క పోసి, మధ్యలో డ్రమ్ములు నిలబెట్టి, ఒక్క దారిలోనే అన్ని లారీలూ. ఎర్ర దుమ్ము లోపలికి వస్తోంది. షిఫ్టు దిగినవాళ్ళు నిలబడి నిద్రపోతున్నారు. నా ముందు సీటాయన కిటికీ మూస్తాడు, గాలి రాదు, తెరుస్తాడు, దుమ్ము వస్తుంది, మళ్ళీ మూస్తాడు. ఊరకే ఒకదగ్గర పెట్టవయ్యా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. అదీ చెప్పను. డెబ్బై ఏండ్లలో చెప్పాల్సినవన్నీ మింగి మింగి గొంతు దానికే అలవాటుపడింది. పిల్లమ్మ అంటుంది, నీతో కాపురం గోడతో కాపురం, గోడైనా తడితే శబ్దం వస్తుంది అని. నా ఇల్లాలే అయినా దాని నోరు నాకెందుకు రాలేదో. ఇవాళ పొద్దున చొక్కాకు గుండీ కుడుతూ, "ఈ పొద్దన్నా నీ సద్దు వినపడతాదా?" అని అడిగింది. ఇంటికి పోతే మళ్ళీ అడుగుతుంది. వినపడింది అని చెప్పాలి. హాలంతా వినపడింది, చివరి బెంచీ దాకా వినపడింది, ఇంకొకరిది ఎవరిదీ వినపడలేదు. ఆ మాట ఎట్లా చెప్పేది?

పిల్లమ్మ ఆ ప్రశ్న మొదటిసారి అడిగింది మా పెండ్లయిన రెండో ఏడు. బంధువుల ఇంటి ఊరేగింపులో మా బ్యాండు సెట్టు వాయించుకుంటూ పోతే, వీధి అరుగు మీద నిలబడి చూసింది. ఇంటికి వచ్చాక, "అందురూ ఊదతా ఉండారు. దాంట్లో నీది యాది?" అంది. "అడుగున వచ్చేది" అన్నాను. "అడుగున ఏమీ రాలేదే" అంది. ఎగతాళి చేయలేదు, నిజంగానే చెప్పింది. డ్రమ్ములు రెండు, తాళాలు, ట్రంపెట్లు నాలుగు, వాటి కింద నా పెద్ద క్లారినెట్. మనిషి నడుముకు పైదాకా వచ్చే నల్ల కొయ్య, పైన వంకర వెండి మెడ, కింద పైకి తిరిగిన వెండి గంట. చూసేదానికి బలే ఉంటుంది. ఫోటోలకు ముందర నన్నే నిలబెట్టేవాళ్ళు. బ్యాండు యజమాని ఆంజప్ప బెంగళూరులో మిలిటరీ వాళ్ళు పాతసామాను వేలం వేస్తే కొనుక్కొచ్చాడు దాన్ని. వీధిలో దాని సద్దు పది అడుగులు పోదు. ఇరవై ఐదేండ్లు ఊదాను. తప్పు స్వరం ఊదినా అడిగినవాడు లేడు. కొన్నిసార్లు తెలిసే తప్పు ఊదేవాణ్ణి, ఎవరైనా తిరిగి చూస్తారేమోనని. ఎవరూ చూడలేదు.

ఎవరూ నా చేతిలో పెట్టింది కాదు అది. నేనే అడిగి తీసుకున్నాను. మొదట నేనూ మామూలు క్లారినెట్టే. మా సెట్టులో ఒక పద్ధతి ఉండేది, ముందర ఊదేవాడికి ఊపిరి తగ్గుతోందని ఆంజప్పకు అనుమానం వస్తే అతనితో ఏమీ అనడు, పేరు తీసి పక్కన పెట్టడు, ఒకరోజు ఊరేగింపులో ఇంకొకణ్ణి తెచ్చి అతని భుజం పక్కన నిలబెడతాడు. తోడు పెట్టడం అంటారు. తోడు పెట్టారంటే వాడి పని అయిపోయిందని సెట్టులో అందరికీ తెలుసు, వాడికి అందరికంటే ముందు తెలుసు. మత్తూరులో ఒక పెండ్లికి నన్ను అచ్చెన్నకు తోడు పెట్టాడు. అచ్చెన్న నాకు వేళ్ళు పెట్టడం నేర్పినవాడు. పాట సగంలో పక్కకు తిరిగి నన్ను చూశాడు. తిట్టలేదు. నోటినుంచి క్లారినెట్ తీసి, దాని మూతికి కట్టిన రీడు పుల్ల విప్పి, పంచె కొంగుతో తుడిచి జేబులో వేసుకుని, వరసలోనుంచి తప్పుకుని పక్క సందులోకి నడిచిపోయాడు. నేను ఊదుతూనే ఉన్నాను. ఆపితే డ్రమ్ములు మింగేస్తాయి, ఊరేగింపులో సందు ఇవ్వకూడదు. ఆ తరువాత ఆయన నాతో మాట్లాడలేదు. మరుసటి నెల నేను ఆంజప్పను అడిగి ఎవరూ ముట్టని ఆ పెద్దదాన్ని తీసుకున్నాను. వినపడనివాడికి తోడు పెట్టే పని ఉండదు కదా.

రోడ్డు మీద ఎవడో జెండా ఊపాడు. బస్సు ఒక బస్సంత దూరం జరిగి మళ్ళీ నిలబడింది. మంజుశ్రీ ఒళ్ళో పుస్తకం ఉంది. ఆ పుస్తకమే. అట్ట మీద గోధుమరంగు మరక నాది, కాఫీ పోశాను. ఐదు నెలల కింద ఆ పిల్ల మా ఇల్లు వెతుక్కుంటూ సూళగిరి వచ్చింది, హోసూరులో ఒక స్కూల్లో పియానో టీచర్ని అని చెప్పింది, బ్యాండ్లన్నీ పోయి టెంపోల మీద స్పీకర్ బాక్సులు వచ్చి పదేండ్లయ్యాక, మీ దగ్గర బాస్ క్లారినెట్ ఉందట కదా, నిజంగా ఉందా తాతా అని అడిగింది. బ్యాండు మూసేసినప్పుడు ఆంజప్ప నాకే వదిలేసిన దాన్ని అటక మీదనుంచి దించి చూపిస్తే ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూసింది. మూడువందల ఏండ్ల కిందటి పాటలట, ఎక్కడో యూరప్పులో. ఈ వాయిద్యానికీ పియానోకూ కుదిర్చి రాసిన పుస్తకం తన దగ్గర ఉందట, ఊదేవాళ్ళు దొరక్క నాలుగేండ్లుగా బీరువాలో పెట్టుకుందట. నాకు వాళ్ళ నోట్సు చదవరాదు, నేను చదివింది మూడో తరగతి. ఆమె ఒక వేలితో వాయిస్తుంది, నేను స రి గ మ లు తెలుగులో నోటు పుస్తకంలో రాసుకుంటాను. శనాదివారాలు అదే పని, శనివారం స్కూల్లో పియానో దగ్గర, ఆదివారం మా ఇంట్లో. పిల్లమ్మ ఆమెకు రాగిసంకటి పెడుతుంది, తినలేక తింటుంది.

పాట ఎక్కింది. ఎట్లా ఎక్కిందని చెప్పను. ఊరికే ఒక స్వరం అడుగున పడుతుంది, వెంటనే పైకి దూకుతుంది, పైన నాలుగు మెట్లు నడిచి మళ్ళీ అడుగుకు. కింది మనిషి ఒక మాట అంటాడు, పై మనిషి బదులు చెబుతాడు. ఇద్దరూ నేనే. జీవితమంతా అడుగున ఉన్నవాడికి పైమాట కూడా తన నోటినుంచే వస్తుంటే ఎట్లా ఉంటుందో ఎవరికి చెప్పేది? ఒకరోజు ఆమె క్యాసెట్టు తెచ్చి పెట్టింది. పెద్ద వయొలిన్, మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించేదట, ఒక్కటే, వెనక ఏమీ లేదు. అదే పాట. ఎవరో ఒక మనిషి ఖాళీ ఇంట్లో కూర్చుని వాయించుకుంటున్నట్టు, విల్లు గీరుకోవడం కూడా వినపడుతోంది. "పియానో యాడ?" అని అడిగాను. "ఒరిజినల్‌గా ఇవన్నీ ఒంటి వాయిద్యానికి కట్టినవే తాతా, పియానో తరువాత రాసి చేర్చినారు" అంది, జడకు పూలు సర్దుకుంటూ, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు. చేర్చినారు. ఒక్కడు వాయించేదానికి పక్కన ఇంకొకరిని చేర్చినారు. నాకు చేర్చినారు. ఆ రోజునుంచి ఆమె పియానో ముట్టుకుంటే నా భుజం పక్కన ఎవరో వచ్చి నిలబడినట్టే ఉంది. తప్పుపోతే కప్పుకుంటుంది, ఊపిరి చాలని చోట నింపుతుంది, నేను నిలిపిన చోట తను నడుస్తుంది. అన్నిటికీ నవ్వుతుంది. అచ్చెన్న సందులోకి తిరిగిపోయింది ఎందుకో అప్పుడు కడుపులోకి దిగింది.

అడిగి ఉండవచ్చు. ఒక్క పాట నేను ఒంటిగా వాయిస్తానమ్మా అని. ఎంత మాట అది? ఎన్ని శనివారాలు నోటిదాకా వచ్చింది. రీడు తడుపుకుంటూ మింగాను. ఇవాళ కూడా స్టేజీ వెనక ముప్పావు గంట కూర్చున్నాం, వాళ్ళ స్కూల్లో కొత్త హాలు ప్రారంభం, ఉపన్యాసాలు ఆగవు. ఆమె చేతులు చల్లబడ్డాయని రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది. "తాతా, ఈ పొద్దు స్కూలు కరెస్పాండెంట్ వింటారు. బాగా వస్తే సోమవారం నన్ను పర్మినెంట్ చేస్తారంట, లేకుంటే తీసేస్తారంట, మేడమ్ చెప్పినారు. నువ్వు భయపడొద్దు, నేను పక్కనే ఉంటాను కదా" అంది. పక్కనే ఉంటాను. ఆ మాట ఎందుకంది? ఆ మాట అనకపోయి ఉంటే. అన్నా నేను వేరేగా విని ఉంటే. స్టేజీ ఎక్కాం, ఆమె కుర్చీ జరుపుకుంది, చీరకొంగుతో అరచేతులు తుడుచుకుంది, ముందు వరసలో తెల్ల చొక్కా వేసుకున్న కరెస్పాండెంట్, పక్కన హెచ్చెమ్ మేడమ్, నా రీడు సరిగ్గా తడిసి ఉంది, ఊపిరి నాభిదాకా నిండి ఉంది. ఎత్తుకున్నాను.

ఎంత నిశ్శబ్దం! అడుగు స్వరం హాలు గోడదాకా పోయి తిరిగి రావడం విన్నాను. ఇరవై ఐదేండ్లలో నా సద్దు నాకే తిరిగి రావడం ఎప్పుడూ వినలేదు. కంటి చివర ఆమె చేతులు కనిపించాయి, లేచాయి, మెట్ల మీద నిలబడ్డాయి, ఒత్తలేదు. మళ్ళీ ఒకసారి లేచాయి. తరువాత ఒళ్ళోకి పోయాయి. అప్పుడు ఆపి ఉండాలి. ఆపలేదు. రెండో పాటకు నేనే ఆమె వైపు చూశాను, బుద్ధి వచ్చి కాదు, భయం వేసి. ఆమె తల అడ్డంగా ఊపి, కానీ తాతా అన్నట్టు గడ్డం ఎత్తింది. మూడు పాటలూ ఒంటిగానే వాయించాను. చప్పట్లు కొట్టారు. కరెస్పాండెంట్ పైకి వచ్చి నాకు శాలువా కప్పి, మైకులోనే అన్నాడు, "ఈ వయసులో ఏం ఊపిరప్పా! పెద్దాయన ఒక్కడే చాలు. ఆ పియానో ఊరికే జాగా తింటా ఉంది, అది ఇచ్చేసి నాలుగు కంప్యూటర్లు తెద్దాం, ఏం మేడమ్?" అందరూ నవ్వారు. మేడమ్ స్టేజీ దిగుతున్న మంజుశ్రీని ఆపి, "ఏమ్మా, పేజీలు తిప్పేదానికి కూర్చున్నావా?" అంది. "ఇది సోలో ఐటమ్ మేడమ్" అంది ఆ పిల్ల. నన్ను చూపించలేదు, నా పేరు ఎత్తలేదు. బస్టాండులో టీ ఇచ్చేటప్పుడు మాత్రం చెప్పింది, "నేను అందుకొనింటే నువ్వు తప్పు ఎత్తుకున్నావని అందురికీ తెలిసిపోతాది కదా తాతా. అంతమంది ముందర నీకెందుకని ఊరకుండిపోయినాను."

ఊరకుండిపోయింది. ఊరకుండి నన్ను కప్పింది. ఇప్పుడు ఏం చేసేది? నోరు మూసుకుంటే మతిమరుపు ముసలివాణ్ణి. పాపం పెద్దాయన అని ఆమె జాలి పడుతుంది, ఇంకొకసారి సంకటి తింటుంది. నోరు తెరిస్తే ఒక ఆడపిల్ల నోటికాడి కూడు లాగినవాణ్ణి. రెండిట్లో ఏది నయం? మతిమరుపే నయం అని బస్సు ఎక్కేటప్పుడు అనుకున్నాను, నిజం చెబుతున్నాను, అనుకున్నాను. కానీ నాకు మతిమరుపు లేదు! ప్రతి స్వరం గుర్తుంది, ఆమె చేతులు ఎన్నిసార్లు లేచాయో గుర్తుంది. సీటాయన మళ్ళీ కిటికీ తెరిచాడు. ఈ బస్సు పోదు, ఆగదు. పోయినా కష్టమే.

పోయింది. డ్రమ్ముల వరస అయిపోగానే డ్రైవరు కోపమంతా తీర్చుకుంటున్నట్టు తోలాడు. కొత్తిమీర మూటలు కనిపించాయి, సూళగిరి కొండ కనిపించింది. విజిల్ వేశాడు. మంజుశ్రీ పక్కన కూర్చున్నామె బుట్ట ఎత్తుకుని దిగిపోయింది. మంజుశ్రీ నా వైపు తిరిగి, జాగ్రత్తగా దిగు తాతా అన్నట్టు చెయ్యి చూపింది. నేను లేచాను. పెట్టె తీసుకున్నాను. కాళ్ళు దిగేదానికి వెనక తలుపు వైపు పోవాలి. పోలేదు. కండక్టరు, "సూళగిరి పెద్దాయనా, ఇరంగు, ఇరంగు" అని అరవంలో దిగమన్నాడు. నేను కడ్డీ పట్టుకుని ముందుకు నడిచాను. "పోలాం రైట్." బస్సు కదిలింది.

"సూళగిరి టికెట్టు పెట్టుకొని యాడికప్పా పోతావు?"

"కృష్ణగిరి" అన్నాను.

"ముందరే చెప్పేదానికి నోట్లో ఏముండాది?" అని వేరే టికెట్టు చింపి ఇచ్చాడు.

మంజుశ్రీ పక్క సీటు ఖాళీగానే ఉంది. నేను కూర్చోలేదు. పెట్టె మాత్రం దాంట్లో పెట్టి కడ్డీకి ఆనుకున్నాను.

"ఏం తాతా, ఊరు దాటి వచ్చేసినావు! కండ్లు తిరగతా ఉండాయా?"

"నేను మరిచిపోలేదు."

"ఏది?"

"ఎత్తుకునేది. కావాలనే ఎత్తుకొన్నాను."

ఆమె నవ్వింది. నవ్వు సగంలో నా మొహం చూసింది.

"ఎందుకు?"

దానికి చాలా మాటలు కావాలి. నా దగ్గర ఉన్నవి కొన్నే. "నాకు ఊపిరి చాలదని నిన్ను తోడు పెట్టినారు అనుకొన్నాను" అన్నాను. తోడు అంటే ఏమిటో, అచ్చెన్న ఏం చేశాడో, ముక్కలు ముక్కలుగా చెప్పాను. బస్సు కుదుపులకు సగం మాటలు విరిగిపోయాయి. ఆమె వింటూ పుస్తకం అట్ట మీద కాఫీ మరకను గోటితో గీరింది.

"ఎవురు పెట్టినారు తాతా తోడు?"

"ఆ పుస్తకం రాసినోళ్ళు."

"వాళ్ళకు సూళగిరి చెన్నరాయప్ప ఎవురో తెలుసునా? నువ్వు పుట్టినావని కూడా తెలవదు వాళ్ళకు! లోకంలో ఎవురు వాయించినా అదే పియానో. పదేండ్లోడు వాయించినా, పెద్ద విద్వాంసుడు వాయించినా అదే. నీకని ఒక్క స్వరం కూడా పెట్టలేదు."

ఐదు నెలలు. పిల్లమ్మను అడిగినా చెప్పేది ఆ మాట. నాకు తట్టనే లేదు. అచ్చు వేసిన పుస్తకాన్ని ఆంజప్ప అనుకున్నాను.

"నీ పరువు పోతాదని నేను చేతులు కట్టుకొని కూర్చున్నాను" అంది ఆమె, కిటికీ బయటికి చూస్తూ. "నీకు నాది కనిపించలేదా?"

కనిపించింది. కంటి చివర ఆమె చేతులు లేవడం కనిపించింది, ఒళ్ళోకి పోవడం కూడా కనిపించింది. ఆ సంగతి చెప్పనా వద్దా అని తేల్చుకునేలోపల కురుబరపల్లి దాటిపోయింది. ఇద్దరు ఎక్కారు, ఒకడు దిగాడు. ఆమె ఇంక మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఎంత బరువుగా ఉంటుందో, ఇన్నేండ్లు పిల్లమ్మ ఎట్లా మోసిందో అప్పుడు తెలిసింది.

"సోమవారం వస్తాను" అన్నాను. "మేడమ్‌తో చెప్తాను. తప్పు నాదని. ఇద్దురినీ కలిపి ఇంగోసారి వినమని."

"నువ్వా?" అంది. ఈసారి తిరిగి చూసింది. "ఐదు నెలల్లో నువ్వు నాతో మాట్లాడిన మాటలు ఒక పేజీ నిండవు. నువ్వు పోయి కరెస్పాండెంట్ ముందర మాట్లాడతావా?"

"మాట్లాడతాను."

ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. కృష్ణగిరి ఊళ్ళో దీపాలు ఇంకా పెట్టలేదు, కోట కొండ మీద ఎండ కొంచెం మిగిలి ఉంది. బస్టాండు మలుపులో లేచి, పెట్టె తీసి నా చేతికి ఇచ్చింది. దాని బరువు ఆమెకు తెలుసు, రెండు చేతులతో ఇచ్చింది.

"ప్రేయర్ అయినాక, తొమ్మిదిన్నరకు వస్తారు ఆయన. నువ్వొక్కడివే లోపలికి పోవాల. నేను రాను. వాకిట్లో కూడా నిలబడను తాతా."

దిగి, వెనక్కి చూడకుండా జనంలోకి పోయింది. నేను సూళగిరి బస్సు కోసం మామిడికాయల బండ్ల పక్కన నిలబడ్డాను. తొమ్మిదిన్నర. మేడమ్, తప్పు నాది. లోపల అనుకుంటే బాగానే ఉంది. పెదవులు కదిపి చూశాను, సద్దు రాలేదు. ఇంకోసారి.

"ఏమడిగినావప్పా? తోతాపురినా?" అంది బండి దగ్గరామె.

ఏమీ లేదమ్మా అనబోయాను. అనలేదు. గొంతు సవరించుకుని ఆమెకే చెప్పాను, "మేడమ్, తప్పు నాది. టీచరమ్మది కాదు. నేను కావాలనే చేసినాను."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "చేసింటే చేసినావులే, గిరాకీకి అడ్డం లేకుండా జరుగు" అంది.

జరిగాను. జరిగి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను.